తలంబ్రాల దగ్గర బొమ్మ చెదిరిందేం?

పెళ్లిరోజు. పిల్లలకి చూపిద్దామని బీరువా అడుగు నుంచి ఇరవై ఏళ్లనాటి పెళ్లి డీవీడీ తీశారు. అటక మీదున్న ప్లేయరు దించి, దుమ్ము దులిపి, కొత్తగా కొన్న యాభై అయిదు అంగుళాల టీవీకి తగిలించారు. గణపతి పూజ బాగానే వచ్చింది. జీలకర్రబెల్లం దగ్గర అడ్డుతెర పట్టుకున్న మేనమామలూ కనిపించారు. మాంగల్యధారణ దగ్గర మొదలైంది తంటా. ఫ్లాష్ మెరిసిన ప్రతిసారీ బొమ్మంతా గళ్లుగళ్లుగా విడిపోయి మళ్లీ కుదురుకుంటోంది. ఇక తలంబ్రాలు మొదలయ్యాక చెప్పక్కర్లేదు. ముత్యాలూ లేవు, బియ్యమూ లేదు... తెరంతా ఒకటే ముద్ద!

'తాతయ్య ఏడమ్మా?' అన్నాడు చిన్నవాడు.

'అదిగోరా... నాన్న వెనకాల, తెల్ల కండువా' అని చూపించింది అమ్మ. తీరా చూస్తే అక్కడ నాలుగు తెల్లటి చదరాలు తప్ప మొహమే లేదు. ఆ తాతయ్య ఇప్పుడు లేరు. ఆయన నవ్వుతూ కదిలే బొమ్మ ఇంకెక్కడా లేదు.

ఈమధ్య చాలా ఇళ్లలో ఇదే వరస. డిస్కు పాడైందనుకుంటారు కొందరు. ప్లేయరు ముసలిదైందంటారు ఇంకొందరు. రెండూ కావచ్చు. కానీ గీతల్లేని డిస్కు, ఆగకుండా ఆడుతున్న డిస్కు, సరిగ్గా ఫ్లాష్‌ల దగ్గరా తలంబ్రాల దగ్గరా మాత్రమే చెదురుతోందంటే... తప్పు దానిది కాదు. ఆ డిస్కు తయారైన రోజున ఎవరో ఎంచుకున్న ఒక అంకెది. దాని పేరు బిట్‌రేటు.

అయితే ఆ అంకె పెద్దదైతే బొమ్మ నిజంగా బాగుంటుందా? ఎంత పెంచితే అంత బాగుంటుందా? ఇప్పుడు పెంచితే తాతయ్య మొహం తిరిగి వస్తుందా?

సెకనుకి ఎంత ఖర్చు?

సెకను నిడివి బొమ్మని దాచడానికి ఎన్ని బిట్లు వాడుతున్నామో చెప్పేదే బిట్‌రేటు. మనదేశంలో వాడే పాల్ పద్ధతి డీవీడీలో ఒక్కో ఫ్రేములో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. సెకనుకి 25 ఫ్రేములు. వీటిని ఏమాత్రం కుదించకుండా దాచాలంటే సెకనుకి దాదాపు 124 మెగాబిట్లు కావాలి. ఆ లెక్కన 4.7 జీబీ డిస్కులో అయిదు నిమిషాల పెళ్లి పడుతుంది. అంటే, పందిట్లోకి పెళ్లికొడుకు రాకముందే డిస్కు నిండిపోతుందన్నమాట!

అందుకే కుదింపు. డీవీడీలో వాడేది ఎంపెగ్-2 అనే పద్ధతి. దాని కిటుకు తేలికే. సుమారు అర సెకనుకోసారి ఒక ఫ్రేముని పూర్తిగా దాస్తుంది. మధ్యలో వచ్చే ఫ్రేములకి మాత్రం 'ముందు దానికీ దీనికీ ఏం మారింది?' అన్నదే రాసుకుంటుంది. పురోహితుడు కూర్చుని మంత్రం చదువుతున్నాడనుకోండి. పెదాలూ చేయీ తప్ప ఏదీ కదలదు. వెనకనున్న పూల దండలు ఎక్కడివక్కడే. కాబట్టి చాలా తక్కువ బిట్లతో పని జరిగిపోతుంది.

మరి తలంబ్రాలో? ఒక్కో గింజ ఒక్కో దారిన పోతుంది. ముందు ఫ్రేములో ఉన్న గింజ తర్వాతి ఫ్రేములో అక్కడ ఉండదు. ముందు బొమ్మని చూసి తర్వాతి బొమ్మని ఊహించడం అనే కిటుకు ఇక్కడ పారదు. ఫ్లాష్ వెలిగితే ఇంకా కష్టం. ఆ ఒక్క ఫ్రేము మొత్తం తెల్లబడి, మరుక్షణం మళ్లీ మామూలవుతుంది. హోమం పొగ, వెలిగి ఆరే సీరియల్ బల్బులు, కదిలినప్పుడల్లా మెరిసే కంచిపట్టు జరీ... ఇవన్నీ ఆ బాపతే. ఎంపెగ్‌కి కష్టమైనవన్నీ వెతికి ఒకచోట పెడితే అది మన పెళ్లి పందిరే!

కావాల్సినన్ని బిట్లు దొరక్కపోతే ఎంపెగ్ ఏం చేస్తుంది? బొమ్మని 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తున్న చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి కుదించడం దాని పద్ధతి. బిట్లు చాలనప్పుడు ఒక్కో గడిలోని సన్నటి వివరాలు వదిలేస్తుంది. మరీ కరవైతే గడి మొత్తానికీ ఒకటే రంగు పూసేస్తుంది. ఇంట్లో వాళ్లు చూసిన తెల్లటి చదరాలు అవే.

ఒక డిస్కు... ఆరు గంటలు

ఇప్పుడు ఓ చిన్న లెక్క. డిస్కు సైజుని జీబీల్లో తీసుకుని 133తో గుణించి, వీడియో ఎన్ని నిమిషాలో ఆ సంఖ్యతో భాగించండి. వచ్చేది సగటు బిట్‌రేటు, మెగాబిట్లలో.

4.7 జీబీ డిస్కులో రెండు గంటల వీడియో పెడితే సెకనుకి 5.2 మెగాబిట్లు. మూడు గంటలైతే 3.5. నాలుగు గంటలైతే 2.6. ఆరు గంటలైతే 1.7 మాత్రమే. ఇందులోంచే శబ్దానికీ పంచాలి. డాల్బీ పద్ధతిలో కుదించిన శబ్దమైతే 0.2 చాలు. కుదించకుండా పెడితే ఒక్క శబ్దమే 1.5 మింగేస్తుంది. అంటే ఆరు గంటల డిస్కులో సన్నాయి మేళాన్ని కుదించకుండా పెడితే బొమ్మకి మిగిలేది దాదాపు సున్నా!

దీన్ని పాత వీసీడీతో పోల్చి చూడండి. వీసీడీ బిట్‌రేటు 1.15 మెగాబిట్లు. కానీ దాని బొమ్మ 352, 288 చుక్కలే... డీవీడీ బొమ్మలో నాలుగో వంతు. కాబట్టి ఆరు గంటల డీవీడీలో ఒక్కో చుక్కకి దక్కేది వీసీడీలో దక్కేదానికన్నా తక్కువ. పేరు డీవీడీ, అనుభవం వీసీడీ కంటే అన్యాయం. ఫుట్‌పాత్ మీద ఒకే డీవీడీలో మూడు సినిమాలు అమ్మిన రోజులు గుర్తున్నాయా? మూడు గంటల చొప్పున మూడు సినిమాలు 4.7 జీబీలో ఇరికిస్తే సెకనుకి పడేది 1.16 మెగాబిట్లు. ఫైట్ సీను రాగానే హీరో ఎవరో విలన్ ఎవరో తెలియకపోవడానికి కారణం ఇదే.

పెళ్లి వీడియోల విషయంలో తప్పు అచ్చంగా స్టూడియో వాళ్లదే అనలేం. స్నాతకం దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఏదీ కోయొద్దనేది ఇంటివాళ్లే. రెండు డిస్కులైతే చూసేటప్పుడు మార్చుకోవాలి, ఒక్కదాంట్లోనే సర్దమనేదీ వాళ్లే. మిక్సింగ్ అయ్యాక స్టూడియోలో చిన్న టీవీ మీద వేసి చూపిస్తే 'బ్రహ్మాండంగా ఉంది' అని తెచ్చుకున్నదీ వాళ్లే. డబ్బిచ్చి కొన్నది ఎన్ని గంటల వీడియో అన్నది అందరికీ తెలుసు. ఎన్ని బిట్ల వీడియో అని అడిగినవాళ్లు లేరు.

పెంచుకుంటూ పోతే?

సరే, ఎక్కువ బిట్లు ఇస్తే బొమ్మ మెరుగవుతుంది. కానీ ఎంతదాకా?

డీవీడీ సైజు బొమ్మకి 2 మెగాబిట్ల నుంచి 4కి వెళితే తేడా పక్కింటాయనకి కూడా తెలుస్తుంది. గళ్లు తగ్గిపోతాయి, మొహాలు తేరుకుంటాయి. 4 నుంచి 6కి వెళితే మామూలు సీన్లలో తేడా కనిపించదు గానీ తలంబ్రాలూ హోమం దగ్గర మాత్రం బాగానే తెలుస్తుంది. 6 నుంచి 8కి వెళితే... ఆ తేడా పట్టుకోవాలంటే బొమ్మని ఆపి, తెర దగ్గరకి వెళ్లి చూడాలి. డీవీడీ నిబంధనల ప్రకారం బొమ్మకి ఇవ్వగలిగింది గరిష్ఠంగా 9.8 మెగాబిట్లు. అక్కడిదాకా వెళ్లినందువల్ల బాగుపడేది చాలా తక్కువ. పైగా ఇంట్లో రైట్ చేసిన డిస్కుని అంత వేగంగా చదవలేక కొన్ని చవక ప్లేయర్లు తడబడేవి కూడా.

ఆకలితో ఉన్నవాడికి మొదటి ముద్ద విలువ వేరు, పదో ముద్ద విలువ వేరు. బిట్ల సంగతీ అంతే.

హాలీవుడ్ ఈ విషయాన్ని జనం ముందే పరీక్షకి పెట్టింది. 2001లో కొలంబియా ట్రైస్టార్ సంస్థ 'సూపర్‌బిట్' పేరుతో ప్రత్యేక డీవీడీలు తెచ్చింది. మామూలు డీవీడీలో సినిమాతోపాటు తెర వెనక కబుర్లూ ఇంటర్వ్యూలూ ఉంటాయి కదా. సూపర్‌బిట్‌లో వాటిని తీసేసి, ఆ జాగా అంతా సినిమా బొమ్మకీ శబ్దానికీ ఇచ్చారు. పెద్ద తెర మీద ప్రొజెక్టరుతో చూసేవాళ్లకి కొద్దిపాటి మెరుగు కనిపించింది. మామూలు టీవీలో చూసేవాళ్లకి 'ఇందులో కొత్తేముంది?' అనిపించింది. ఎందుకంటే వాళ్లింట్లో ఉన్న మామూలు డీవీడీకి అప్పటికే సరిపడా బిట్లున్నాయి. కొన్నేళ్లకే ఆ వరస ఆగిపోయింది.

ఆ వరసలోని ఓ సినిమా 'ద ఫిఫ్త్ ఎలిమెంట్' కథ ఇంకా ఆసక్తికరం. దాని మామూలు డీవీడీకే మంచి పేరుండేది. 2001లో సూపర్‌బిట్ వచ్చింది. 2006లో బ్లూరే రాగానే తొలి విడత డిస్కుల్లో అదీ ఉంది. బ్లూరేలో బొమ్మకి సెకనుకి 40 మెగాబిట్ల దాకా ఇవ్వొచ్చు. డీవీడీకి నాలుగు రెట్లు! తీరా చూస్తే విమర్శలే విమర్శలు. ప్రింటు మీది దుమ్ము మచ్చలు కనిపిస్తున్నాయి, బొమ్మ మెత్తగా ఉందన్నారు. చివరికి 2007లో బాగుచేసిన ప్రింటుతో ఆ డిస్కుని మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది. బిట్లు ఎన్ని పోసినా ఎదుట ఉన్న బొమ్మనే దాస్తాయి, లేని బొమ్మని తీసుకురావు. ఈ పాఠానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

బిట్లు నిజంగా అవసరమైన చోట కంజూసుతనం చేయనివాళ్లూ ఉన్నారు. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటి భాగం పొడిగించిన రూపంలో 208 నిమిషాల సినిమా. 2002లో దాన్ని డీవీడీలో తెచ్చినప్పుడు సినిమాని రెండు డిస్కులకి పంచారు. మధ్యలో లేచి డిస్కు మార్చుకోవాలి. ఎవరూ నొచ్చుకోలేదు. మన మూడు గంటల పెళ్లికీ ఆ మర్యాద చేసుంటే ఎంత బాగుండేది!

అప్పట్లో లేని గళ్లు...

'కొత్తలో ఎన్నిసార్లు చూశాం! అప్పుడు బాగానే ఉండేదే?' అనేవాళ్లూ ఉంటారు. నిజమే. అప్పట్లో ఇంట్లో ఉన్నది ఇరవై ఒక్క అంగుళాల పిక్చర్ ట్యూబు టీవీ. దాని బొమ్మే కాస్త మెత్తగా ఉంటుంది కాబట్టి గళ్ల అంచులు అందులో కలిసిపోయేవి.

ఇప్పటి టీవీ సంగతి వేరు. డీవీడీ ఫ్రేములో ఉన్న చుక్కలు సుమారు 4 లక్షల 15 వేలు. ఫుల్ హెచ్‌డీ టీవీలో దానికి అయిదు రెట్లు, ఫోర్‌కే టీవీలో ఇరవై రెట్లు ఉంటాయి. అంటే మీ పెళ్లి డిస్కులోని ఒక్కో చుక్కని ఫోర్‌కే టీవీ ఇరవై చుక్కలుగా సాగదీసి చూపిస్తోంది. చుక్కతోపాటు గడీ పెరుగుతుంది. అప్పుడు దాక్కున్న లోపం ఇప్పుడు పెద్ద కుర్చీ వేసుక్కూర్చుంటుంది. డిస్కు మారలేదు, అద్దం మారింది.

పోయిన బిట్లు తిరిగి రావు

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఇళ్లలో డీవీడీ ప్లేయర్లు మూలపడ్డాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే ఉండటం లేదు. దాంతో చాలామంది పాత పెళ్లి డిస్కుల్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటున్నారు. 'హెచ్‌డీ చేసిస్తాం, ఫోర్‌కే చేసిస్తాం' అనే బోర్డులూ కనిపిస్తున్నాయి.

1.7 మెగాబిట్ల దగ్గర గళ్లుగా మారిన మొహాన్ని 20 మెగాబిట్ల ఫైలుగా మారిస్తే ఏమవుతుంది? ఆ గళ్లే ఇంకా శ్రద్ధగా, ఏ అంచూ చెరగకుండా భద్రపడతాయి. ఫైలు సైజు పెరుగుతుంది, మొహం రాదు. అదే పని తక్కువ బిట్లతో చేస్తే ఇంకా నష్టం. ఒకసారి కుదించినదాన్ని మళ్లీ కుదించడమే కాబట్టి ఉన్న కాసిని వివరాలూ పోతాయి. జిరాక్సుని జిరాక్సు తీసినట్టే.

మరి కృత్రిమ మేధతో బొమ్మని బాగుచేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా? వచ్చాయి. అంచులు చక్కబడతాయి, చీర మెరుస్తుంది. మొహం కూడా నున్నగా వస్తుంది. కానీ ఆ నాలుగు చదరాల్లో లేని కన్నూ ముక్కూ అది ఎక్కడి నుంచి తెస్తుంది? వేలాది మొహాలు చూసి నేర్చుకున్న దాన్నిబట్టి ఊహించి గీస్తుంది. అది ఓ పెద్దాయన మొహం అవుతుంది. మీ నాన్నగారి మొహం కానక్కర్లేదు.

వీహెచ్ఎస్ క్యాసెట్ల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. 'పాత క్యాసెట్టే కదా, బొమ్మే అంతంతమాత్రం, దీనికి ఎక్కువ బిట్లెందుకు?' అనిపిస్తుంది. కానీ పాత టేపు మీద సన్నటి ఇసుకలా రాలే చుక్కలు చూశారా? అవీ తలంబ్రాల్లాంటివే. ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒక్కచోట ఉండవు. ఎంపెగ్ వాటిని కూడా బొమ్మే అనుకుని బిట్లన్నీ వాటికే ఖర్చు పెడుతుంది. మొహాలకి మిగలవు. అందుకే పాత టేపుకి తక్కువ కాదు, కాస్త ఎక్కువే ఇవ్వాలి.

అంకె ఒక్కదాన్నే చూసి మోసపోకూడదు కూడా. ఎంపెగ్-2లో 5 మెగాబిట్లకి వచ్చే నాణ్యత తర్వాత వచ్చిన హెచ్.264 పద్ధతిలో సుమారు సగం బిట్లకే వస్తుంది. హెచ్.265లో ఇంకా తక్కువకి. ఫైలు చిన్నదైనంత మాత్రాన చెడ్డదని కాదు, పెద్దదైనంత మాత్రాన మంచిదనీ కాదు. ఏ పద్ధతి, ఎంత బొమ్మకి, ఎన్ని బిట్లు... మూడూ కలిపి చూడాలి.

డిస్కు చేతిలో ఉంటే...

* ముందు ఉన్నదున్నట్టు కాపీ చేసుకోండి. డిస్కులోని ఫోల్డర్లన్నిటినీ యథాతథంగా కంప్యూటర్‌లోకి గానీ, మొత్తం డిస్కుని ఐఎస్ఓ ఫైలుగా గానీ తీసుకోవచ్చు. వీఎల్‌సీ ప్లేయర్‌లో అవి నేరుగా ఆడతాయి. ఫోన్‌లో చూసుకోవడానికి వేరే ఫైలు చేసుకోవచ్చు గానీ, అసలు కాపీ చెరపొద్దు.

* షాపులో ఇస్తే 'మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కాపీ మాత్రం చేయండి' అని అడగండి. 4.7 జీబీ డిస్కు నిండా ఉన్న వీడియో పెన్‌డ్రైవ్‌లో 700 ఎంబీకి వచ్చిందంటే ఏదో జరిగిందనే అర్థం.

* రైట్ చేసిన డిస్కులో సమాచారం ఉండేది ఓ పలచటి రంగు పూతలో. ఎండా వేడీ దానికి శత్రువులు. ఒకసారి చదవనని మొరాయిస్తే ఇంకో డ్రైవులో పెట్టి చూడండి. ఒక డ్రైవు చదవలేనిది ఇంకోటి చదవొచ్చు.

* బంధువులకి వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా జతచేస్తే ఉన్నదున్నట్టు వెళుతుంది.

* ఇప్పుడు పెళ్లి చేస్తున్నవాళ్లు మిక్సింగ్ చేసిన వీడియోతోపాటు కెమెరాలో రికార్డైన అసలు ఫైళ్లనీ హార్డ్‌డిస్కులో ఇమ్మని ముందే మాట్లాడుకోండి.

అటక మీద ఇంకోసారి...

ఆ తాతయ్య మొహానికి ఇక దారే లేదా? ఒక్కటుంది. డీవీడీ అనేది ఆ పెళ్లికి మొదటి రూపం కాదు. ఆ రోజుల్లో చాలామంది వీడియో తీసింది మినీ డీవీ అనే చిన్న క్యాసెట్ల మీద. వాటి మీద బొమ్మ సెకనుకి 25 మెగాబిట్లతో రికార్డవుతుంది. ఆరు గంటల డీవీడీకి పద్నాలుగు రెట్లు! పైగా అందులో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తి బొమ్మ. ముందు బొమ్మని చూసి ఊహించే పనే లేదు. ఫ్లాష్ మెరిసినా, గింజలు రాలినా చెదరదు.

కొన్ని స్టూడియోలు ఆ క్యాసెట్లని మళ్లీ ఇంకో పెళ్లికి వాడేసుకున్నాయి. కొన్ని, పెళ్లివారికే ఇచ్చేశాయి. 'ఇవి ఏ ప్లేయర్లోనూ ఆడవు కదా' అని వాళ్లు ఏ పాత సూట్‌కేసులోనో పడేశారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా, దాదాపు అలాంటి ఆకారంలోనే ఉంటాయవి. దొరికితే పారేయకండి. వాటిని ఆడించే కెమెరాలు తగ్గిపోతున్నాయి, టేపులూ ముసలివవుతున్నాయి. ఇంకా ఆ కెమెరా దాచుకున్న స్టూడియో దగ్గరికి తీసుకెళ్లి, కుదించకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. గంట టేపుకి దాదాపు 13 జీబీ అవుతుంది. ఇప్పటి హార్డ్‌డిస్కుల లెక్కలో అదేమంత పెద్ద విషయం కాదు.

అప్పుడు మళ్లీ టీవీ పెట్టి, తలంబ్రాల దగ్గర ఆపి చూడండి. పెళ్లికొడుకు వెనకాల, తెల్ల కండువా పైన... 'అదిగోరా తాతయ్య' అని ఈసారి వేలు పెట్టి చూపించొచ్చు.